పదివేల ఏడు గింజలు

ఆ రోజుల్లో నేను నిద్ర లేవగానే వరసగా అందరికీ దండాలు పెట్టుకునేదాన్ని. తెల్లారినందుకు సూర్యుడికి, ఆయాసం రాకుండా రాత్రి గడిపినందుకు రాముడికి, అక్షరం నేర్పినందుకు అమ్మకు, పాలిచ్చినందుకు బర్రెకు. (బర్రెకు మాత్రం కాస్త దూరంగా నిలబడి పెట్టేదాన్ని. దానికి నా భక్తి మీద అంత గౌరవం లేదు.) ఇప్పటికీ ఆ అలవాటు పోలేదు. మా అత్తవారింట్లో అందరూ "నీకసలు కోపమే రాదేం?" అంటుంటారు. నవ్వి ఊరుకుంటాను. నాకు దేవుడిచ్చిన కోపమంతా పదిహేడో ఏట, ఒకే ఒక్క వేసవిలో, ఒకే ఒక్క అంకె మీద ఖర్చయిపోయిందని వాళ్లకేం తెలుసు? ఆ అంకె పదివేల ఏడు. ఇవాళ్టికీ దాన్ని చూస్తే నా చెవులు వేడెక్కుతాయి. ఒకసారి మా కరెంటు మీటరు సరిగ్గా ఆ అంకె దగ్గరకు వచ్చి నిలబడితే, అవసరం లేకపోయినా ఫ్యానులన్నీ వేసి దాన్ని ముందుకు తరిమాను.

తల్లాడ దాటి కొత్తగూడెం వైపు పోతుంటే పత్తిచేలు సన్నగిల్లి టేకుచెట్లు మొదలయ్యే చోట మా ఊరు. బడి వాగు అవతల. వాన పడితే వాగు పొంగేది, పడకపోతే దుమ్ము లేచేది, నా ఊపిరితిత్తులకు రెండూ సరిపడేవి కావు. అందుకని అమ్మే నన్ను వంటింటి గడప మీద కూర్చోబెట్టి చదువు చెప్పింది. అమ్మ మధిర వైపు పిల్ల, ఇంటర్ దాకా చదివి మా అడవి అంచుకు కోడలై వచ్చింది. చిక్కుడుకాయలతో భాగహారం, చింతగింజలతో వర్గమూలం, పులుసు మరిగేలోపు ఎక్కాలు. ఆ గడప మీదే పదో తరగతి ఓపెన్లో పాసయ్యాను. ఆ వేసవిలో ఖమ్మం వెళ్లి, పిన్ని ఇంట్లో ఉండి, ఇంటర్ పరీక్ష రాయాలని నా ఆశ. అడ్డం ఒక్కరే, మా అత్త. నాన్నకు అక్క. వాళ్లిల్లు మా పక్కిల్లే. మా నాన్న అడవి పందికి భయపడడు గానీ అత్త దగ్గితే భయపడతాడు. "గడప మీద చదివిన చదువు గడప దాటదురా తమ్మీ" అని ఆవిడ అంటే, నాన్న మా అమ్మ ముఖం వైపు చూడకుండా చెప్పులేసుకుని బయటికి పోయేవాడు.

ఇక గింజల సంగతి. శ్రీరామనవమికి భద్రాచలంలో సీతారాముల పెళ్లికి తలంబ్రాలు కావాలి కదా. ఆ బియ్యాన్ని దంచకుండా, మిల్లుకు పంపకుండా, ఒక్కొక్క వడ్లగింజనూ గోటితో ఒలిచి తీసి సమర్పించడం ఒక మొక్కు. గింజకో రామనామం. నూక పనికిరాదు, ముక్కు విరిగింది పనికిరాదు. మా వీధిలో తొమ్మిదిళ్ల ఆడవాళ్లు కలిసి ఒలిచేవారు. అందరికీ పెద్ద మా నాయనమ్మ. అందుకోసమే పూజ చేసి ఒక చిన్న మడి నాటేవారు, ఆ మడి వడ్లు తప్ప వేరే గింజ కలిస్తే మైల. ఒలిచిందంతా ఆఖరున తొమ్మిది భాగాలు చేసి, ఎవరింటి భాగం వాళ్లు పసుపు గుడ్డలో మూటకట్టుకుని భద్రాచలం మోసుకెళ్లాలి. అంతకుముందు భాగాలు పిడికిలితో కొలిచేవారు. కిందటేడు మా అత్త కొలిస్తే అత్త మూట లావుగా వచ్చింది. (అత్త చెయ్యి పెద్దది, అంతే. నోటి సంగతి వస్తుంది.) దాంతో వీధిలో దసరా దాకా మాటల్లేవు. అందుకని ఆ ఏడు నాయనమ్మ తీర్పు చెప్పింది. "ఈపారి పిడికిళ్లు లేవ్, గిడికిళ్లు లేవ్. గింజలు లెక్కవెట్టాలె. పిల్ల లెక్కవెడతది."

పిల్ల అంటే నేను. నా జన్మలో మొదటిసారి ఒకరు నా చదువును పనికి పిలిచారు. నాయనమ్మ కాళ్లకు మొక్కి, మా నట్టింట్లో తడిగుడ్డ పెట్టి, తెల్లపంచె పరిచి, నూరేసి గింజల కుప్పలు పెట్టాను. వరసకు పది కుప్పలు, పది వరసలు. నూరు కుప్పలు నిండాయి, పైన ఏడు గింజలు మిగిలాయి. నూరు నూర్లు, పైన ఏడు! ఆ ఏడింటినీ ఏడుకొండలనుకుని కళ్లకద్దుకున్నాను. (అప్పటికి వాటి గుణం తెలియదు.) తర్వాత తొమ్మిదితో భాగించాను. ఇంటికి వెయ్యిన్నూట పదకొండు. నాలుగు ఒకట్లు, నుదుటి మీద నిలువు నామాల్లా నిలబడ్డాయి. ఇంకా ఎనిమిది గింజలు మిగిలాయి.

తొమ్మిదిళ్లకు ఎనిమిది గింజలు. అర్థమైంది కదా? మూడో నాలుగో మిగిలినా ఏ గొడవా ఉండేది కాదు. సరిగ్గా ఒక్కటి తక్కువ. ఎనిమిదిళ్లకు తలా ఒకటి వేస్తే ఒక్కింటికి ఉండదు. ఆ ఒక్కిల్లు ఏది?

"మాది కాదు" అంది అత్త, ఎవరూ అడగకముందే.

ఆ తర్వాత మిగతా ఎనిమిదిళ్లూ అదే మాట అన్నాయి. అన్నీ ఒకేసారి అన్నాయి. పంచె మీది గింజలు అదిరాయి. అమ్మ మెల్లగా, "వదినా, ఆ ఎనిమిదీ తీసి దేవుడి గదిలో పెడితే సరిపోతుంది కదండీ" అంది. అత్త నడుం మీద చేతులేసుకుంది. "ఎనిమిది గింజలంటే ఎనిమిదిపార్లు అన్న రామనామం మరదలా! అన్న నామం ఎనక్కి తీస్కుంటరా మీ మధిరల?" పోనీ, ఇంకో గింజ ఒలిచి కలుపుదామంటే మడి వడ్లు అయిపోయాయి, వేరే వడ్లు మైల. ఇంటికి కాకుండా మనిషికి పంచుదామన్నారు. ఒలిచినవాళ్లం ఇరవై ముగ్గురం. తలా నాలుగు వందల ముప్పై ఐదు, మిగిలినవి రెండు. కొత్తగా పదో ఇంటిని కలుపుకుంటే ఏడు మిగిలాయి. ఒక ఇంటిని తీసేసి ఎనిమిది చేసినా ఏడే మిగిలాయి. (ఏ ఇంటిని తీసెయ్యాలన్న దాని మీద జరిగిన మాటలు భక్తి ఉన్నవాళ్లు రాయదగ్గవి కావు.) అత్త కొడుకు, అంటే మా బావ, ఖమ్మంలో ఇంజినీరింగు చదువుతూ సెలవులకు వచ్చి ఉన్నాడు. కొత్త సెల్‌ఫోను తీసి టకటకా నొక్కి, "ముగ్గురికి పంచితే తలా మూడువేల మూడొందల ముప్పై ఐదు పాయింట్ ఆరు ఆరు ఆరు గింజలొస్తయ్ అమ్మమ్మా" అన్నాడు. నాయనమ్మ వాడి వైపు జాలిగా చూసింది. "గింజను గోటితోని ఒలిచినం బిడ్డా. పాయింటుతోని ఎట్ల కోస్తవ్?"

అప్పుడు అత్త అసలు మాట అంది. "అరే, దేవుని గింజలు సమంగ పోకుంట ఎట్లుంటయ్? ఒక్క గింజ ఉంటే తొమ్మిదిళ్లకు సరిపోతుండె. గా ఒక్క గింజను గీ పిల్ల పోగొట్టింది. లేకుంటే లెక్క తప్పింది. గడప మీది చదువు!"

నాకు కోపం వచ్చిందని చెప్తే చాలదు. నా ఆయాసం పారిపోయింది. అంత కోపంలో దానికి చోటు లేదు. నన్ను అంటే పడేదాన్ని. అన్నది అమ్మను. అమ్మ పొయ్యి దగ్గర అటు తిరిగి, ఉడికిన పప్పునే మళ్లీ మళ్లీ కలుపుతోంది. నేను మళ్లీ లెక్కపెట్టాను. పదివేల ఏడు. కుడి నుంచి పెట్టాను, ఎడమ నుంచి పెట్టాను. పదివేల ఏడు. ఇల్లంతా పడక్కింద, గడప సందుల్లో, తిరగలి కింద ఆ కనిపించని గింజ కోసం వీధి వీధంతా వెతికింది. అత్తవాళ్ల పుంజు ఆ పొద్దున్న మా నట్టింట్లోకి వచ్చిందని ఎవరో అన్నారు. పుంజును పట్టి గంప కింద మూశారు. "కోసి చూద్దామా? కడుపుల ఉంటదేమో" అన్నాడు బావ ఆశగా. ఇద్దరు ముగ్గురు మసాలా సంగతి కూడా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. "నవమి ముంగట నీసా! సిగ్గుండాలె!" అని నాయనమ్మ కర్ర ఎత్తింది. ఆ పుంజు బతికిపోయింది. నిజానికి అది నిర్దోషి. ఆ సంగతి నాకూ, దానికీ, రాముడికీ తప్ప ఎవరికీ తెలియదు.

చివరికి పక్షం లేని మనిషి లెక్కపెట్టాలన్నారు. మా వీధిలో పక్షం లేని మనిషి సూదక్క ఒక్కతే. ఊళ్లో పిల్లలకు టీకాలు వేసే నర్సు, ఆదివారం చర్చికి పోతుంది. "నాకేం పక్షం? నేను ప్రభువు మనిషిని. మీ రాముడి గింజలు మీరెట్ల పంచుకుంటే నాకేంది?" అంటూ చేతులు సబ్బుతో కడుక్కుని, కొంగు బిగించి కూర్చుంది. మధ్యాహ్నమంతా ఒక్క మాట మాట్లాడకుండా లెక్కపెట్టింది. ఆఖరున లేచి నడుం సరిచేసుకుని, "పదివేల ఏడు. అమ్మాయి లెక్క కరెక్టు" అంది. (సూదక్కకు ఆ రోజు పెట్టిన దండం నేటికీ నా ఉదయపు వరసలో ఉంది. బర్రెకు పైన.)

అత్త ఓడిపోయే రకం కాదు. "లెక్క కరెక్టే కావచ్చు. గట్లయితే ఎంతమందికి పంచితే సమంగ పోతదో చెప్పు కోడలా. తొమ్మిదికి పోకుంటే ఇంకోదానికి పోవాలె గద. అన్నిటికీ ఏదో ఒకటి ఉంటది. ఆ అంకె చూపెడితే గంతమందిని పిలిచి పంచుదం. చూపెట్టకుంటే నీ చదువు ఉత్తదే, ఖమ్మం లేదు గిమ్మం లేదు. ఏమంటవ్ తమ్మీ?" నాన్న చెప్పుల కోసం చూశాడు. అత్త ఆ చెప్పుల మీదే నిలబడి ఉంది. "సరే అక్కా" అన్నాడు.

అలా పదివేల ఏడు నా ఖమ్మం దారికి అడ్డంగా కూర్చుంది. నేను సుద్దముక్క తీసుకుని వరండా గచ్చు మీద కూర్చున్నాను. అమ్మ వచ్చి చెవిలో ఒక్క మాట చెప్పి పోయింది. "రెండుతో పోనిది నాలుగుతో పోదమ్మా. మూడుతో పోనిది ఆరుతో, తొమ్మిదితో పోదు. విడగొట్టడానికి వీలుకాని అంకెలతోనే చెయ్యి, మిగతావి వృథా." అమ్మ చెప్పినట్టే చేశాను. ఏడుతో చేస్తే నాలుగు మిగిలాయి. పదకొండు దగ్గర ఎనిమిది. పదమూడు దగ్గర పది. గచ్చు నిండితే తుడిచి మళ్లీ రాశాను. ఇరవై తొమ్మిది దగ్గర రెండే రెండు మిగిలేసరికి ఆశ పుట్టింది. నలభై ఒకటి దగ్గర మూడు. అరవై ఒకటి దగ్గరా మూడే. అది నన్ను ఆటపట్టిస్తోంది. దగ్గరగా వచ్చి, చెయ్యి చాపేసరికి పక్కకు తప్పుకునే పిల్లిలా. నేను మామూలుగా రోజుకు నూట ఎనిమిది సార్లు రామా అనుకునేదాన్ని. ఆ రోజుల్లో 'శ్రీరామ జయరామ' అని మొదలుపెడితే 'జయజయ నలభై మూడు' అని వచ్చేది. పూజ దగ్గర కూర్చుని రాముడితో గట్టిగానే పోట్లాడాను. "నీ సైన్యంలో అన్ని కోతులున్నాయి, ఒక్క కోతి చేత ఒక్క గింజ పంపించలేవా? పంపవు. సరే. పోనీ ఒకటి తీసుకుపో. అదీ చెయ్యవు. ఎందుకిచ్చావు నాకు ఈ అంకె?" అని విసురుగా హారతిచ్చాను. కర్పూరం కూడా నాకు భయపడి గబగబా ఆరిపోయింది. (తర్వాత లెంపలేసుకున్నాను. చిన్నగా.)

తొంభై ఏడు దాకా వచ్చాను. నూట మూడు చొప్పున పోయి పదహారు మిగిలాయి. దాని తర్వాత నూట ఒకటి. ఎనిమిది మిగిలాయి. తర్వాత నూట మూడు. పళ్లు కొరుకుతూ భాగించాను. తొంభై ఏడు చొప్పున పోయి పదహారు మిగిలాయి. సుద్దముక్కను గోడకేసి కొట్టబోయి ఆగిపోయాను. తొంభై ఏడు, నూట మూడు, పదహారు. ఈ ముగ్గురినీ నేను ఇంతకుముందే చూశాను! ఇది కొత్త లెక్క కాదు, పాత లెక్కే తలకిందులుగా వచ్చింది. ఈ ద్రోహి అంకె నన్ను ఒకే అవమానం రెండుసార్లు చేసింది! అంత కోపంలోనూ నాకు ఒళ్లు ఝల్లుమంది. "అమ్మా!" అని అరిచిన అరుపుకు గంపకింది పుంజు కూడా కూసింది.

వీధి మళ్లీ మా వరండాలో చేరింది. అత్త స్తంభానికి ఆనుకుని, "ఏంది కోడలా, దొరికిందా అంకె?" అంది.

"దొరకలేదత్తా. దొరకదు కూడా. దీన్ని ఎంతమందికి పంచినా సమంగా పోదు."

"నూరు దాక చూసి చేతులెత్తేస్తే ఎట్ల? అవతల నూట యాభై ఉంది, రెండొందలుంది, వెయ్యి ఉంది. గవి ఎవరు చూస్తరు, మీ అమ్మనా?"

"చూడక్కర్లేదత్తా. నూరుమంది కంటే ఎక్కువమందికి పంచితే ఒక్కొక్కరికి ఎన్ని గింజలొస్తాయి? నూరుకు లోపేగా. మన దగ్గరున్నవి నూరు నూర్లు, పైన ఏడేగా. ఇప్పుడు రెండొందల మందికి తలా యాభై అనుకో. అదే గింజలు యాభై మందికి తలా రెండొందలు పోవాలి కదా. ఆ యాభైని నేను ముందే చూసేశాను, పోలేదు. పెద్ద అంకెతో పోతే దానికి జతగా చిన్నది ఒకటి ఉండి తీరాలి. నూరు లోపల ఒక్కటీ లేదు. అందుకని నూరు అవతలా లేదు."

బావ ఫోను నొక్కడం మానేశాడు. నాయనమ్మ కూర్చున్న నులకమంచం మీద చేత్తో అటూ ఇటూ రాసింది. "అవ్" అంది నెమ్మదిగా. "నులక లెక్క. నిలువు లెక్కవెట్టినా అడ్డం లెక్కవెట్టినా మంచం అదే గద. పొట్టి దిక్కు లేనిది పొడుగు దిక్కు ఏడికెల్లి వస్తది?"

"అయితే నా గింజ ఏడవోయినట్టు?" అంది అత్త. ఆవిడ బాధ నిజమైనదే.

"నీ గింజ పోలేదే బిడ్డా. అది పుట్టనే లేదు. గిది పంచుకునే అంకె కాదట. ఇరవై ముగ్గురికి పోలే, తొమ్మిదిళ్లకు పోలే. ఇగ ఎవరికి పోతది? ఒక్కరికే పోతది. గా ఒక్కరు ఎవరు మరి?" నాయనమ్మ భద్రాచలం దిక్కుకు చేతులు జోడించింది. "పంచుకోకున్రి, అట్లనే పట్టుకరాన్రి అంటుండు. ఒకటే మూట కట్టున్రి."

ఒకటే మూట సరే, ఎవరి గిన్నెలో? ఎవరి గిన్నె ఎవరికీ ఇష్టం లేదు. చివరికి సూదక్క ఇంకా అన్నం కూడా పెట్టని తన కొత్త స్టీలు డబ్బా ఇచ్చింది. బస్సులో ఆ డబ్బా ఒళ్లో నుంచి ఒళ్లోకి మారుతూ పాల్వంచ దాటింది, అడవి దాటింది, గోదావరి వంతెన ఎక్కింది. అత్త ఒళ్లోకి వచ్చినప్పుడు మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగింది. ఖమ్మం మాట ఎవరూ ఎత్తలేదు. అంకె చూపెట్టమంటే అంకె లేదని చూపెట్టాను. అది గెలుపో ఓటమో నాన్నకు తెలియలేదు, అత్త చెప్పలేదు.

భద్రాచలంలో ఊరూరి నుంచీ వచ్చిన తలంబ్రాల బియ్యం తీసుకోవడానికి ఎవరో భక్తులు టెంటు వేశారు. బారెడు వరస. మా వంతు వచ్చింది. చెమటలు కారుతున్న ఒక పెద్దమనిషి నా చేతిలో డబ్బా తీసుకున్నాడు. మూత తీశాడు. పక్కనున్న గోనెసంచిలోకి గభాలున వంచేశాడు. అడుగున తట్టాడు. ఖాళీ డబ్బా నా చేతిలో పెట్టి, "జరగండి, జల్దీ" అన్నాడు.

అంతే. నూరు నూర్లు, పైన ఏడు. ఇరవై ముగ్గురి గోళ్లు, నా గచ్చు, అమ్మ పప్పు, పుంజు ప్రాణం, అన్నీ కలిసి ఒక్క సర్రుమన్న చప్పుడు. ఎవరి గింజలతోనో కలిసిపోయాయి. అప్పుడు నా వెనక నుంచి ఒక గొంతు లేచింది. ఆ గొంతు నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నదే, కానీ అంత అందంగా ఎప్పుడూ వినిపించలేదు.

"ఏందయ్యా, వడ్ల బస్తా లెక్క గుమ్మరిస్తున్నవ్? ఎన్ని గింజలో ఎరికేనా నీకు? పదివేల ఏడు! మా కోడలు లెక్కవెట్టింది! ఏ అంకెతోని పోదు గది! రెండుతోని పోదు, మూడుతోని పోదు, నూరు దాక చూసింది పిల్ల! నూరు అవతల చూడక్కర్లే, ఎందుకో తెల్సా? నులకమంచం! నీకేం తెల్సు!"

ఆ పెద్దమనిషి సంచి పట్టుకుని బిత్తరపోయాడు. "అమ్మా, రాముడికి లెక్కలెందుకు తల్లీ?"

"రాముడికి అక్కర్లేకపోవచ్చు. మాకు కావాలె!" అంది అత్త. తర్వాత నా చెయ్యి పట్టుకుని గుంజుకుంటూ బయటికి తీసుకొచ్చి, గోదావరి ఒడ్డున మెట్ల మీద కూలబడి, కొంగుతో నా ముఖం తుడిచింది. అప్పటికి గానీ నేను ఏడుస్తున్నానని నాకు తెలియలేదు. అమ్మ ఒక మెట్టు కింద కూర్చుంది. అత్త అమ్మ వైపు చూడకుండానే, నీళ్ల వైపు చూస్తూ, "తమ్మునికి నేను చెప్తా" అంది. "పోనీయున్రి ఖమ్మం. గింత మొండిదాన్ని ఇంట్ల పెట్టుకుని ఏం చేస్తం?"

రాముడి దయ వల్ల పరీక్ష పాసయ్యాను. ఆ తర్వాతవీ పాసయ్యాను. ఇప్పుడు వైరాలో పిల్లలకు లెక్కలు చెప్తాను, పలకలు సరిపోనప్పుడు గచ్చు మీదే. ఇప్పుడు తలుచుకుంటే ఆ అంకె నాకేం అన్యాయం చేసింది? తనని తాను ముక్కలు కానివ్వలేదు, అంతేగా. ఆ పదిహేడేళ్ల పిల్ల చేసిందీ అదే. సుద్ద పట్టుకుని, మోకాళ్ల మీద వంగి, దేవుడితో పోట్లాడుతున్న ఆ పిల్ల ఎదురొస్తే, నీ కోపానికి నేను రుణపడి ఉన్నానే అని చెప్పాలనిపిస్తుంది. వినదు. 'జరుగు, నేను డెబ్బై మూడు దగ్గరున్నాను' అంటుంది.

ఏటా నవమి అయ్యాక ఎవరో ఒకరు భద్రాచలం నుంచి తలంబ్రాల పొట్లం తెచ్చిస్తారు. కళ్లకద్దుకుంటాను. తర్వాత తలుపు దగ్గరగా వేసి లెక్కపెడతాను. సరిగ్గా అప్పుడే అత్త ఫోను చేస్తుంది. ఇప్పుడు చూపు ఆనడం లేదు, గొంతు మాత్రం అలాగే ఉంది. "ఎన్నొచ్చినయే కోడలా? పోతదా?" ఈ ఏడు తొంభై ఆరు వచ్చాయి. రెండుతో పోతుంది, మూడుతో పోతుంది, అడిగినవాళ్లందరికీ పోయేలా ఉంది. "పోతదత్తా" అన్నాను.

"మళ్ల లెక్కవెట్టు" అంది అత్త. "ఒక గింజ తప్పి ఉంటవ్."

నవ్వుకుంటూ, మళ్లీ లెక్కపెట్టడం మొదలుపెట్టాను.